తెగిందా, పూర్తయిందా?

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం పెట్టుకోకుండా ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ ప్రోగ్రాం ఒక సాకెట్ మీద, అంటే నెట్‌వర్క్ కనెక్షన్‌కి తన వైపున్న చివర మీద, రీడ్ పిలిచింది, వచ్చిన బైట్లు ఇమ్మంది. సున్నా తిరిగొచ్చింది. దానర్థం ఏమిటి?

ముందు వరసలో ఎండ్ ఆఫ్ ఫైల్ అన్నారు. వెనకాల ఇంకొకరు కనెక్షన్ క్లోజ్ అయిందన్నారు. రెండూ సరైన జవాబులే. ఇప్పుడు దాని మీద ఇంకో ప్రశ్న. ఆ ఎండ్ అన్న మాట చెప్పింది ఎవరు? అవతల ఉన్న ప్రోగ్రామా, దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం కెర్నలా, లేక మధ్యలో కూర్చున్న ఇంకెవరైనానా? ఈరోజు నేను మాట్లాడబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, నలభై ఏళ్లకు పైగా ప్రోటోకాల్, అంటే మెషీన్లు మాట్లాడుకునే నియమాలు, రాసినవాళ్లందరినీ ఇబ్బంది పెట్టిన విషయం. ఇప్పటికీ పెడుతోంది.

ఇంటర్నెట్‌లో రెండు మెషీన్ల మధ్య డేటా చేరవేసే ప్రోటోకాల్ టీసీపీ. అది మనకిచ్చేది బైట్ల ప్రవాహం. అవతలి వాళ్లు మూడుసార్లు రైట్ చేస్తే ఇవతల మూడుసార్లే రీడ్ అవ్వాలని లేదు. అంతా ఒకేసారి రావచ్చు, పది ముక్కలుగా రావచ్చు. క్రమం మాత్రం తప్పదు. మీ సందేశం ఎక్కడ మొదలైంది, ఎక్కడ అయిపోయింది అన్నది టీసీపీకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. దానికి తెలిసిన ముగింపు ఒక్కటే: ఈ వైపు నుంచి ఇక బైట్లు రావు. అది చెప్పడానికి హెడర్‌లో ఫిన్ అని ఒక బిట్ ఉంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసి ఉండే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు. 1981 సెప్టెంబర్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 793 నుంచి, 2022లో దాని స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9293 దాకా ఆ బిట్ చేసే పని మారలేదు.

ఫిన్‌లో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. దానికీ ఒక సీక్వెన్స్ నంబర్, అంటే బైట్లకు వేసే వరుస సంఖ్య, ఖర్చవుతుంది, ఒక బైట్ పంపినట్టే లెక్క. అందుకని అది దారిలో పోతే మళ్లీ పంపుతారు. దానికీ అక్నాలెడ్జ్‌మెంట్, అంటే అందిందన్న రసీదు, వస్తుంది. తనకన్నా ముందు బయల్దేరిన డేటాను దాటుకుని ముందు రాలేదు. కాబట్టి రీడ్ సున్నా ఇచ్చిందంటే, ఫిన్‌కి ముందున్న ప్రతి బైటూ మీ చేతికి వచ్చేసిందన్నమాటే. అంతవరకు టీసీపీని కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

కానీ ఆ ఫిన్ ఎందుకు బయల్దేరింది? ప్రోగ్రాం పని ముగించి క్లోజ్ పిలిస్తే ఫిన్ వస్తుంది. సగంలో క్రాష్ అయినా ఫిన్ వస్తుంది. ఎవరో కిల్ మైనస్ 9 కొట్టి బలవంతంగా చంపినా వస్తుంది. మెమరీ చాలక కెర్నలే ఆ ప్రాసెస్‌ని, అంటే నడుస్తున్న ఆ ప్రోగ్రాంని, చంపేసినా వస్తుంది. ప్రాసెస్ పోయినప్పుడు అది తెరిచి ఉంచిన ఫైళ్లకూ సాకెట్లకూ గుర్తులైన డిస్క్రిప్టర్లన్నిటినీ కెర్నల్ మూసేస్తుంది, సాకెట్ అయితే మూస్తూ మూస్తూ పద్ధతిగా ఫిన్ పంపుతుంది.

తెర మీద రెండు టెర్మినళ్లు ఉన్నాయి, చూడండి. ఎడమ పక్కది లక్ష వరుసలు పంపుతోంది. కుడి పక్కది చదివి ఫైల్లో రాస్తోంది. ఇప్పుడు ఎడమదాన్ని మధ్యలో చంపేస్తున్నాను. కుడిపక్క చూడండి: రీడ్ సున్నా, ఫైల్ మూసేశాం, విజయవంతం అని ప్రింట్ చేసింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఫైల్లో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెడితే తప్ప ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఇలాంటిదే ఒక సంస్థలో దగ్గర్నుంచి చూశాను. రోజూ రాత్రి దుకాణాల అమ్మకాల ఫైల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి వెళ్లేది. కనెక్షన్ మూసుకుంటే ఫైల్ అయిపోయినట్టు, అదే అక్కడి ఒప్పందం. ఒక రాత్రి పంపే ప్రాసెస్ సగంలో పోయింది. ఆఖరి వరుసలో మొత్తం 12450 ఉండాల్సిన చోట 124 దగ్గర బైట్లు ఆగిపోయాయి. 124 కూడా సరైన అంకే కదా, చదివే ప్రోగ్రాం అభ్యంతరం చెప్పలేదు. ఆ వరుస తర్వాత రావాల్సిన దుకాణాలన్నీ ఆరోజు అమ్మకాలు లేని దుకాణాలుగా లెక్కలోకి ఎక్కాయి. డిస్క్ బాగుంది, నెట్‌వర్క్ బాగుంది, ఏ లాగ్‌లోనూ ఎర్రర్ లేదు. సగం డేటా పూర్తి డేటా వేషంలో వచ్చి కూర్చుంది.

రైలు స్టేషన్‌లోకి వచ్చినప్పుడు అక్కడి సిబ్బంది ఏం చూస్తారో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆఖరి బోగీ వెనక ఎల్‌వీ, అంటే లాస్ట్ వెహికల్, అని ఒక బోర్డు ఉంటుంది, రాత్రయితే ఎర్ర దీపం. ఇంజిను వచ్చింది కాబట్టి బండి మొత్తం వచ్చేసిందని వాళ్లు అనుకోరు. ఆ బోర్డు కంటబడితేనే బండి పూర్తిగా వచ్చినట్టు. లేకపోతే నాలుగు బోగీలు తెగి వెనక పట్టాల మీదే ఉండిపోయాయేమో అని ఆ సెక్షన్‌లోకి ఇంకో బండిని వదలరు. మన ప్రోటోకాల్‌లో ఆ బోర్డు ఏదన్నదే అసలు ప్రశ్న. ఫిన్‌ని ఆ బోర్డుగా వాడుకుంటే, తెగిపోయిన బండికి కూడా కెర్నల్ బోర్డు తగిలించి పంపుతోందన్నమాట.

అలాగని మొదట్లో దీన్ని వాడినవాళ్లను తప్పుపట్టలేం. 1985 అక్టోబర్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 959, అంటే ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీ ప్రోటోకాల్, బైట్లను వరసగా పంపే స్ట్రీమ్ మోడ్‌లో డేటా కనెక్షన్ మూసేయడమే ఫైల్ ముగింపు అంది. అయితే ఎఫ్‌టీపీలో పక్కనే ఇంకో కంట్రోల్ కనెక్షన్ ఉంటుంది. బదిలీ అయ్యాక దాని మీద బదిలీ పూర్తయిందని 226 అనే జవాబు రావాలి. ఆ జవాబు కోసం ఆగే క్లయింట్‌కి తేడా తెలుస్తుంది, ఆగనిదానికి తెలియదు. వెబ్ పేజీలు తెచ్చే ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ తొలినాళ్లలో ఆ రెండో కనెక్షన్ కూడా లేదు. సర్వర్ పేజీ పంపి కనెక్షన్ మూసేసేది, అదే ముగింపు. 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1945 వచ్చేసరికి కంటెంట్ లెంగ్త్, అంటే ఎన్ని బైట్లో చెప్పే హెడర్, ఉంది గానీ, జవాబులో అది లేకపోతే మళ్లీ మూసివేతే గతి. సగం దిగిన బొమ్మలు, సగంలో ఆగిన డౌన్‌లోడ్లు ఆ రోజుల్లో మనందరం చూసినవే.

ఇప్పుడు మూసే పని గురించి కొంచెం లోతుకు వెళ్దాం. మన ప్రోగ్రాములు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

క్లోజ్, షట్‌డౌన్ ఒకటి కాదు. క్లోజ్ అంటే ఈ డిస్క్రిప్టర్‌తో నాకు పని లేదు అని మీ కెర్నల్‌కి చెప్పడం. ఆ సాకెట్‌ని ఇంకెవరూ పట్టుకుని లేకపోతేనే ఫిన్ వెళ్తుంది. ఫోర్క్ చేసిన, అంటే తన నకలును ఇంకో ప్రాసెస్‌గా పుట్టించిన, ప్రోగ్రాంలో తల్లి ప్రాసెస్ దగ్గరా పిల్ల ప్రాసెస్ దగ్గరా అదే సాకెట్ ఉంటుంది. పిల్ల క్లోజ్ చేసింది, తల్లి మర్చిపోయింది. ఫిన్ వెళ్లదు, అవతలివాడు రీడ్‌లో అలాగే కూర్చుంటాడు. ఒక ప్రాసెస్ రాసింది ఇంకోటి చదివే పైపుల్లోనూ ఇదే జరుగుతుంది: రాసే చివరను అందరూ మూసేదాకా చదివేవాడికి సున్నా రాదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో మీ ప్రోగ్రాం ఎప్పుడైనా ఊరికే వేలాడిందంటే, ముందు ఇది చూడండి.

షట్‌డౌన్ అలా కాదు. ఎంతమంది పట్టుకున్నా సరే, ఆ కనెక్షన్ మీదే పనిచేస్తుంది. పైగా ఏ దిక్కు మూయాలో మీరు చెప్పొచ్చు. రాసే దిక్కును మాత్రమే మూస్తే ఫిన్ వెళ్తుంది, చదవడం మాత్రం కొనసాగుతుంది. దీన్నే హాఫ్ క్లోజ్ అంటారు. దీని అవసరం ఎక్కడంటే, దూరంగా ఉన్న మెషీన్ మీద సార్ట్ నడుపుతున్నారనుకోండి. మీరు వరుసలు పంపుతారు, అది అక్షరక్రమంలో పెట్టి తిరిగి పంపాలి. ఆఖరి వరుస చూడకుండా సార్ట్ మొదటి వరుస చెప్పలేదు కదా. కాబట్టి అయిపోయిందని మీరు చెప్పాలి, చెప్పాక కూడా జవాబు వినడానికి లైన్ తెరిచే ఉండాలి. క్లోజ్‌తో ఇది కుదరదు. కనెక్షన్ తెరిచి బైట్లు పంపే చిన్న ప్రోగ్రాం నెట్‌క్యాట్, దాని ఓపెన్‌బీఎస్‌డీ రూపంలో మైనస్ ఎన్ అనే ఆప్షన్ ఉన్నది ఇందుకే: ఇన్‌పుట్ అయిపోగానే రాసే దిక్కు మాత్రం మూస్తుంది.

ఇక మీ ఉద్యోగాల్లో తప్పకుండా ఎదురయ్యే విషయం. ఒక యూజర్ పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తున్నాడు. సర్వర్ హెడర్లు చదివింది, సైజు పరిమితి దాటిందని తేల్చుకుంది. 413 అని, ఫైల్ చాలా పెద్దదని చక్కగా ఒక జవాబు రాసింది, క్లోజ్ పిలిచింది. కోడ్ చదివితే ఎక్కడా తప్పు కనబడదు. యూజర్‌కి మాత్రం ఆ జవాబు కనబడదు. కనెక్షన్ రీసెట్ బై పీర్, అంటే అవతలివాళ్లు కనెక్షన్ తెంపేశారు, అని వస్తుంది. ఎందుకు?

సర్వర్ క్లోజ్ పిలిచే సమయానికి యూజర్ పంపిన వీడియో బైట్లు ఇంకా చదవకుండా సర్వర్ రిసీవ్ బఫర్‌లో, అంటే వచ్చిన బైట్లను కెర్నల్ దాచే చోట, పడి ఉన్నాయి. చదవని డేటా ఉండగా సాకెట్ మూస్తే కెర్నల్ ఫిన్ పంపదు, ఆర్‌ఎస్‌టీ, అంటే కనెక్షన్‌ని ఉన్నపళంగా తెంపే రీసెట్, పంపుతుంది. మీరు పంపింది నేను చదవలేదు, పారేశాను అని అవతలివాళ్లకు తెలియాలి కాబట్టి అలా చేయడం సబబే. కానీ ఆర్‌ఎస్‌టీ ఫిన్‌లాగా వరుసలో నిలబడదు. మీ సెండ్ బఫర్‌లో ఇంకా బయల్దేరని జవాబు అక్కడే పోతుంది. యూజర్ మెషీన్‌కి చేరి, ఇంకా బ్రౌజర్ చదవనిది కూడా కొన్ని సిస్టమ్స్‌లో పోయే ప్రమాదం ఉంది. అంటే మీరు రాసిన 413ను మీ క్లోజే చెరిపేసింది.

మందు ఏమిటంటే: జవాబు రాయండి, రాసే దిక్కు మాత్రం షట్‌డౌన్ చేయండి, అవతలి నుంచి వచ్చేదాన్ని కొంతసేపు చదివి పారేస్తూ ఉండండి, సున్నా వచ్చాకో గడువు తీరాకో క్లోజ్ చేయండి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో లింగరింగ్ క్లోజ్ అనే సెట్టింగ్ సరిగ్గా ఈ పని చేస్తుంది. మామూలుగా మొత్తం మీద 30 సెకన్లు, మధ్యలో 5 సెకన్లు ఏమీ రాకపోతే అక్కడితో ఆపేస్తుంది. హెచ్‌టీటీపీ ప్రమాణంలో కూడా ఈ వరుస రాసి ఉంది. సర్వర్ రాసేవాళ్లు తప్పకుండా చదవాల్సిన పేజీ అది.

మూడో రకం కూడా ఉంది, అదే అన్నిటికన్నా కష్టం. ఫిన్ రాదు, ఆర్‌ఎస్‌టీ రాదు, ఏమీ రాదు. అవతల కరెంటు పోయింది, లేదా మధ్యలో కేబుల్ తెగింది. మీరు రీడ్‌లో ఉన్నారు. ఎంతసేపు? టీసీపీకి వదిలేస్తే కలకాలం. అవతలివాడు ఉన్నాడా అని పలకరించే కీప్ అలైవ్ పెట్టారనుకోండి, లైనక్స్ మామూలు సెట్టింగ్‌లో మొదటి పలకరింపు వెళ్లేదే 7200 సెకన్ల మౌనం తర్వాత. రెండు గంటలు! దానితో మొదలుపెట్టి 75 సెకన్లకొకటి చొప్పున మొత్తం తొమ్మిది. అందుకే గడువు ఎంతన్నది మీ ప్రోగ్రామే పెట్టుకోవాలి, మీ ప్రోటోకాల్‌కి సొంతంగా ఒక పలకరింపు ఉండాలి.

సరే, ఫిన్‌ని నమ్ముకోలేం. మరి సందేశంలోనే ముగింపు చెప్పడం ఎలా? పాత దారి, ఒక గుర్తు పెట్టుకోవడం. ఈమెయిల్ పంపే ప్రోటోకాల్ ఎస్‌ఎంటీపీ అదే చేసింది, 1982లో ఆర్‌ఎఫ్‌సీ 821. డేటా అని చెప్పి ఉత్తరం పంపుతారు. ఒక వరుసలో ఒక్క చుక్క మాత్రమే ఉంటే ఉత్తరం అయిపోయింది. మరి ఉత్తరం లోపలే అలాంటి వరుస ఉంటే? చుక్కతో మొదలయ్యే ప్రతి వరుసకీ పంపేవాడు ముందు ఇంకో చుక్క చేరుస్తాడు, అందుకునేవాడు దాన్ని తీసేస్తాడు. ఈ సర్దుబాటు నాకెంతో ఇష్టం. ఏ మెషీన్ మీదైనా నాలుగు వరుసల కోడ్‌తో రాయొచ్చు, టెల్‌నెట్‌లో కూర్చుని చేత్తో టైప్ చేసి పరీక్షించొచ్చు.

కానీ గుర్తు పెట్టుకున్నాక, ఆ గుర్తు ఏదన్న దాని మీద ఇద్దరూ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాట మీద ఉండాలి. ప్రమాణం ప్రకారం వరుస అయిపోవడం అంటే సీఆర్, ఎల్‌ఎఫ్ అనే కనబడని అక్షరాలు రెండూ కలిసి. అంటే ముగింపు సీఆర్ ఎల్‌ఎఫ్ చుక్క సీఆర్ ఎల్‌ఎఫ్. కొన్ని సర్వర్లు ఉదారంగా ఒట్టి ఎల్‌ఎఫ్‌ని కూడా వరుస ముగింపుగా ఒప్పుకున్నాయి. 2023 డిసెంబర్‌లో ఎస్‌ఈసీ కన్సల్ట్ అనే భద్రతా సంస్థకు చెందిన పరిశోధకులు దీని ఫలితం చూపించారు, పేరు ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్. ఉత్తరం మధ్యలో ఎల్‌ఎఫ్ చుక్క సీఆర్ ఎల్‌ఎఫ్ లాంటి వంకర ముగింపు పెట్టి పంపారు. పంపే సర్వర్‌కి అది మామూలు పాఠం, అలాగే దాటించేసింది. అందుకునే సర్వర్‌కి అది ఉత్తరం ముగింపు. ఆ తర్వాత ఉన్న పాఠం ఏమైంది? కొత్త ఆదేశాలైంది. మెయిల్ ఫ్రమ్ ఫలానా అడ్మిన్ అని రాస్తే, పంపే సర్వర్ పరువు మీద ఇంకో దొంగ ఉత్తరం లోపలికి వచ్చేసింది, ఆ చిరునామా తరఫున పంపే హక్కు ఆ సర్వర్‌కి ఉందా అని చూసే ఎస్‌పీఎఫ్ తనిఖీ కూడా దాటింది. పోస్ట్‌ఫిక్స్, సెండ్‌మెయిల్, ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్లు మూడూ మార్పులు చేసుకోవాల్సి వచ్చింది. నలభై ఏళ్ల వయసున్న ఒక చుక్క దగ్గర ఇంత జరిగింది.

ఇంకో దారి, ఎన్ని బైట్లో ముందే చెప్పేయడం. సైట్ పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్ టీసీపీ మీద వెళ్లేటప్పుడు ప్రతి సందేశం ముందు రెండు బైట్ల పొడవు ఉంటుంది. హెచ్‌టీటీపీలో కంటెంట్ లెంగ్త్. సందేశం లోపల ఏ అక్షరం ఉన్నా ఫరవాలేదు, సర్దుబాట్లు అక్కర్లేదు, చెప్పినన్ని రాకపోతే తెగిపోయిందని ఖాయంగా తెలుస్తుంది. డౌన్‌లోడ్లకు వాడే కర్ల్ అనే ప్రోగ్రాంలో ఎర్రర్ 18 చూసి ఉంటారు, ఇంకా ఇన్ని బైట్లు మిగిలుండగా మూసేశారు అని. అది ఈ లెక్క పుణ్యమే.

పొడవు అన్నాను కదా, దేని పొడవు? తెలుగులో రాసే మనకు ఇది నేరుగా తగిలే విషయం. బోర్డు మీద తెలుగు అనే మాట రాస్తున్నాను. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్ 8లో మన తెలుగు కోడ్ పాయింట్ ప్రతిదీ మూడు బైట్లు. మొత్తం 18. మీరు స్ట్రింగ్ లెంగ్త్ తీసుకుని కంటెంట్ లెంగ్త్ 6 అని పెడితే, అవతలివాడు ఆరు బైట్లు చదివి ఆపేస్తాడు. వాడికి అందేది "తె". ఇంగ్లీషులో పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు, ఎందుకంటే అక్కడ అక్షరానికి ఒక బైటే. మనవాళ్లు మొదటిసారి తమ పేరు తెలుగులో టైప్ చేసిన రోజున బయటపడుతుంది.

మిగిలిన 12 బైట్ల సంగతి? అవి ఎక్కడికీ పోవు. కనెక్షన్ తెరిచే ఉంటే అవి తర్వాతి రిక్వెస్ట్ మొదట్లో నిలబడతాయి. సర్వర్ గెట్టో పోస్టో, అంటే కొత్త రిక్వెస్ట్ మొదటి మాట, వస్తుందని చూస్తుంటే "లుగు" వస్తుంది. ఆ ఎర్రర్ మీ రిక్వెస్ట్‌కి రాదు, దాని వెనక వచ్చిన దానికి వస్తుంది. మధ్యలో రిక్వెస్టులను దాటించే సర్వర్, అంటే ఒక ప్రాక్సీ, ఉండి నలుగురి రిక్వెస్టులూ ఒకే కనెక్షన్ మీద పంపుతుంటే, అది ఇంకొకరి రిక్వెస్ట్ కూడా కావచ్చు. కాబట్టి ముందు బైట్లుగా ఎన్‌కోడ్ చేయండి, ఆ తర్వాతే పొడవు కొలవండి.

పొడవు ముందే తెలియకపోతే? డేటాబేస్‌లోంచి వరుసలు వస్తుంటే వస్తున్నట్టే పంపాలి. దానికి హెచ్‌టీటీపీ 1.1 చంక్డ్ పద్ధతి తెచ్చింది. ముక్కలుగా పంపు, ప్రతి ముక్క ముందు దాని పొడవు చెప్పు, అంతా అయ్యాక సున్నా పొడవు ముక్క పంపు. మన మాటే పంపితే లైన్ మీద ఇలా ఉంటుంది:

12
తెలుగు
0

చివర ఒక ఖాళీ వరుస. 12 ఏమిటి, 18 కదా అంటారు. చంక్ పొడవు హెక్సాడెసిమల్‌లో, అంటే పదహార్ల లెక్కలో, రాస్తారు, పదహారూ రెండూ పద్దెనిమిది. ఆ చివరి సున్నా చూడండి. మొదట మనం మాట్లాడుకున్న రీడ్ సున్నా కెర్నల్ ఇచ్చింది. ఈ సున్నాను ప్రోగ్రాం తన చేత్తో రాసింది. ప్రాసెస్ మధ్యలో చచ్చిపోతే కెర్నల్ ఫిన్ పంపగలదు గానీ ఈ సున్నా వరుస రాయలేదు. పాఠం పూర్తయిందని పాఠం రాసినవాడే చెప్పాడు.

దీనికి చాలా చిన్న రూపం చూడాలంటే ఫైళ్లు పంపే చిన్న ప్రోటోకాల్ టీఎఫ్‌టీపీ చూడండి, ఆర్‌ఎఫ్‌సీ 1350. కనెక్షన్ లేకుండా విడి ప్యాకెట్లు పంపే యూడీపీ మీద 512 బైట్ల బ్లాకులు. 512 కన్నా తక్కువ ఉన్న బ్లాకు వస్తే అదే ఆఖరిది. ఫైల్ సరిగ్గా 1024 బైట్లు ఉంటే? రెండు నిండు బ్లాకుల తర్వాత ఒట్టి బ్లాకు ఒకటి పంపాలి, అందులో డేటా సున్నా. ఆ ఒట్టి బ్లాకు మర్చిపోయిన క్లయింట్ మామూలు ఫైళ్లన్నిటికీ బాగానే పనిచేస్తుంది, 512తో నిశ్శేషంగా భాగించబడే ఫైళ్ల దగ్గర మాత్రం ఆగిపోతుంది.

ఇప్పుడు ఒక సందేశానికి ముగింపు రెండు విధాలుగా చెబితే ఏమవుతుంది? హెడర్లలో కంటెంట్ లెంగ్త్ ఒకటి, చంక్డ్ అని ఇంకొకటి. ముందున్న ప్రాక్సీ మొదటిది నమ్మింది, వెనకున్న సర్వర్ రెండోది నమ్మింది. ఇద్దరికీ ముగింపు వేర్వేరు చోట్ల. ఆ మధ్య సందులో దాచిన పాఠం సర్వర్‌కి కొత్త రిక్వెస్ట్‌లా కనబడుతుంది. రిక్వెస్ట్ స్మగ్లింగ్ అనే ఈ దాడిని 2005లోనే వివరించారు, 2019లో భద్రతా పరిశోధకుడు జేమ్స్ కెటిల్ మళ్లీ తవ్వి తీసేసరికి పెద్ద పెద్ద సైట్లే దొరికాయి. హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 9112, ఇప్పుడు చంక్డ్‌దే పైచేయి అంటుంది, రెండూ ఉన్న రిక్వెస్ట్‌ని సర్వర్ తిప్పికొట్టవచ్చంటుంది. నన్నడిగితే తిప్పికొట్టడమే మంచిది. ముగింపు విషయంలో ఉదారంగా ఉండటం అవతలివాళ్లకు మేలు చేసినట్టు కాదు.

ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, మధ్యలో ఎవరూ వేలు పెట్టలేరు కదా అని మీరనుకోవచ్చు. ఆ ఎన్‌క్రిప్షన్ చేసే టీఎల్‌ఎస్ మీ డేటాను కాపాడుతుంది. టీసీపీ హెడర్‌ని కాపాడదు, ఫిన్ ఉండేది అక్కడే. దారిలో ఉన్న వ్యక్తి మీ డేటాలో ఒక్క అక్షరం చదవలేకపోయినా, తనకు కావలసిన చోట ఒక దొంగ ఫిన్ పెట్టి ప్రవాహాన్ని కోసేయగలడు. టీఎల్‌ఎస్‌కి పాత రూపమైన ఎస్‌ఎస్‌ఎల్ 2లో దీన్ని గుర్తుపట్టే మార్గమే లేదు, 2011లో ఆ వెర్షన్‌ని నిషేధిస్తూ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 6176 చెప్పిన కారణాల్లో ఇదొకటి. ఆ తర్వాతి వెర్షన్లలో క్లోజ్ నోటిఫై అనే అలర్ట్ ఉంది. నేను చెప్పాల్సింది అయిపోయింది అన్న మాట ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది, ఎవరూ దాన్ని తయారుచేయలేరు.

చిక్కేమిటంటే చాలా సర్వర్లు అది పంపకుండానే మూసేస్తుంటాయి. ప్రోగ్రాములకు టీఎల్‌ఎస్ అందించే లైబ్రరీ, 2021లో వచ్చిన ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 3.0, గట్టిగా నిలబడింది: క్లోజ్ నోటిఫై లేకుండా ఫిన్ వస్తే అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఈఓఎఫ్, అంటే అనుకోని ముగింపు, అని ఎర్రర్ ఇస్తుంది. అప్‌గ్రేడ్ చేసుకున్న చాలామంది ప్రోగ్రాములు ఒక్కసారిగా ఎర్రర్లు చూపించాయి. దాన్ని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ కూడా ఉంది, వెతికితే అందరూ ముందు అదే చెబుతారు. పెట్టుకునే ముందు ఒక్కటి చూసుకోండి. మీ పై ప్రోటోకాల్‌లో పొడవో, చంక్డ్ సున్నానో ఉంటే ఆ ఆప్షన్ వల్ల నష్టం లేదు, ముగింపు అక్కడ తెలుస్తుంది. మీరు మూసివేత మీదే ఆధారపడి ఉంటే మాత్రం, ఆ ఒక్క వరుసతో మీ తాళం మీరే తీసి ఇచ్చినట్టు.

హెచ్‌టీటీపీ 2 గురించి ఎక్కువ చెప్పను, ఫ్రేమ్ అనే ప్రతి ముక్కకీ పొడవు ఉంటుంది, ఆఖరి ఫ్రేమ్‌లో ఎండ్ స్ట్రీమ్ అనే ఫ్లాగ్ ఉంటుంది. టీసీపీకి బదులు వాడే 2021 నాటి క్విక్, ఆర్‌ఎఫ్‌సీ 9000, దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. అక్కడ ఒకే కనెక్షన్‌లో పక్కపక్కన నడిచే ప్రవాహాల్లో, అంటే స్ట్రీముల్లో, ప్రతి స్ట్రీమ్‌కీ దాని ఫిన్ బిట్ దానిదే, అది ఎన్‌క్రిప్ట్ అయిన ప్యాకెట్ లోపల ఉంటుంది. సగంలో వదిలేస్తున్నాను అని చెప్పడానికి రీసెట్ స్ట్రీమ్ అని వేరే ఫ్రేమ్. అవతలివాడు ఇక పంపొద్దు, నాకు అక్కర్లేదు అనడానికి స్టాప్ సెండింగ్ అని ఇంకోటి. స్ట్రీమ్ మొత్తం సైజు ఒకసారి చెప్పాక మార్చడానికి వీల్లేదు, మారిస్తే కనెక్షనే ఎర్రర్‌తో ముగుస్తుంది. పైగా ఇది చాలాచోట్ల కెర్నల్‌లో కాకుండా ప్రోగ్రాం లోపలే నడుస్తుంది, కాబట్టి ప్రాసెస్ చచ్చిపోతే దాని తరఫున ఫిన్ పంపేవాళ్లు ఎవరూ లేరు. నలభై ఏళ్ల అనుభవం ఆ డిజైన్‌లో కనబడుతుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

మంచి ప్రశ్న, వెనకాల వాళ్లకు వినబడలేదేమో, మళ్లీ చెబుతాను. అందుకునేవాడికి ముగింపు ఎలా తెలుస్తుందో చెప్పారు, పంపినవాడికి తన ఆఖరి బైట్ చేరిందని ఎలా తెలుస్తుంది అని అడుగుతున్నారు.

రైట్ విజయవంతం అంటే మీ బైట్లు మీ కెర్నల్ బఫర్‌లోకి వెళ్లాయని, అంతే. టీసీపీ అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చిందంటే అవతలి కెర్నల్‌కి చేరాయని. అవతలి ప్రోగ్రాం చదివిందా, డిస్క్ మీద రాసిందా అన్నది టీసీపీ ఎప్పటికీ చెప్పదు. అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేదాకా క్లోజ్‌ని ఆపే ఎస్‌ఓ లింగర్ పెట్టుకున్నా అంతకు మించి తెలియదు. ఆ మాట అవతలి ప్రోగ్రామే చెప్పాలి: ఎఫ్‌టీపీలో 226, ఎస్‌ఎంటీపీలో చుక్క తర్వాత ఉత్తరం తీసుకున్నానని వచ్చే 250.

అక్కడ కూడా ఒక సందు ఉంది. చుక్క పంపారు, సర్వర్ ఉత్తరం భద్రం చేసింది, 250 వచ్చేలోపు కనెక్షన్ తెగింది. మీకు తెలియదు కాబట్టి మళ్లీ పంపుతారు, ఉత్తరం రెండుసార్లు చేరుతుంది. 1988 ఫిబ్రవరిలో క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ ఆర్‌ఎఫ్‌సీ 1047 రాసింది ఈ జంట ఉత్తరాల గురించే. ఆయన సలహా, చుక్క అందుకున్న సర్వర్ వీలైనంత త్వరగా 250 చెప్పేయాలని. ఇప్పటి ప్రమాణం క్లయింట్‌ని ఆ ఒక్క జవాబు కోసం 10 నిమిషాలు ఆగమంటుంది. సందు చిన్నదవుతుంది గానీ పూర్తిగా మూసుకోదు, ఎందుకంటే ఆఖరి జవాబుకి ఇంకో జవాబు కావాలంటే దానికీ ఇంకోటి కావాలి. అందుకని పంపే ప్రతిదానికీ ఒక ఐడీ ఇవ్వండి, మళ్లీ పంపితే అదే ఐడీతో పంపండి. అందుకునేవాడు ఆ ఐడీని డేటాతో పాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో రాసుకోవాలి. రెండోసారి అదే వస్తే డేటా జోలికి వెళ్లకుండా మొదటిసారి ఇచ్చిన జవాబే తిరిగి ఇవ్వాలి. చెల్లింపుల ప్రోగ్రాం రాస్తున్నట్టయితే ఆ ఐడీని రిక్వెస్ట్ బయల్దేరాక కాకుండా, బయల్దేరకముందే మీ డేటాబేస్‌లో రాసిపెట్టుకోండి. ఈసారి మధ్యలో చచ్చిపోయేది మీ ప్రాసెసే కావచ్చు.